పరుపుజోడు

ఈ కథను నేను ఏ వరుసలో విన్నానో ఇప్పుడు నమ్మకంగా చెప్పలేను. చెప్పినవారు ఇద్దరు. ఒకరు నల్లమల అంచున పరుపులు కుట్టే ఇంటివారు; మరొకరు ఆ ఇంటి పొరుగువారు. ఇద్దరి మాటలూ నా లోపల ఎప్పుడో ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. కథలోని గురువుగారి గడ్డం దూదిలా తెల్లగా ఉండేదని ఒకరు అన్నట్టు, ఆయన ఇంకా అంత ముసలివారు కారని మరొకరు అన్నట్టు లీలగా గుర్తు. వాన ఆ ఉదయం కురిసిందా, అంతకు ముందు రాత్రే కురిసి వెలిసిందా అన్నదీ సందేహమే. కాని ఆయన శిష్యుడి కోపం సంగతిలో ఇద్దరూ ఒక్క మాటే చెప్పారు. అందులో పొరపాటు లేదు.

కనమల్లో, అంటే కొండల నడుమ ఇరుకు దారుల్లో, తపాలా ఇంకా మనిషి కాళ్ళ మీదనే సాగుతున్న రోజులవి. ఉత్తరాల సంచి వీపున కట్టుకొని, గజ్జెలు కట్టిన బల్లెం చేతబట్టి, ఒక మజిలీ నుండి మరో మజిలీకి పరుగెత్తే మనుషులుండేవారు. వారిని అంచెవాళ్ళు అనేవారు. గజ్జెల చప్పుడు వినిపిస్తే దారిలో ఉన్నవాళ్ళు పక్కకు తప్పుకునేవారు. అడవి జంతువులూ తప్పుకునేవని అంచెవాళ్ళు చెప్పుకునేవారు.

ఎర్రకనమ దిగువన ఉన్న ఊరిలో వన్నూరప్ప అనే దూదేకులాయన ఉండేవాడు. పరుపులు, దిండ్లు, బొంతలు కుట్టడంలో ఆ చుట్టుపక్కల అతనికి సాటి లేదు. పని ఎంత మెత్తనో మనిషి అంత కటువు. దూదేకే వింటినారి మీద అతడు వేసే దెబ్బను బట్టి ఆ రోజు అతని మనసు ఎలా ఉందో వీధివాళ్ళు చెప్పగలిగేవారట. దెబ్బ గట్టిగా పడితే పిల్లలు కూడా ఆ గుమ్మం ముందు ఆడకుండా పక్క సందులోకి పోయేవారు.

ఊరి బయట, కనమ దారి మొదలయ్యే చోట, ఒక తకియా ఉండేది. ఒక రాతి అరుగు, దాని మీద బోదగడ్డి చూరు, అంతే. అందులో మీరాన్ షా అనే ఫకీరు నివసించేవారు. వన్నూరప్ప ఆయనకు శిష్యుడు. "నా కోపం పోయే మార్గం చూపండి హజ్రత్" అని వచ్చినవాడు. ఏళ్ళు గడిచాయి. కోపం పోలేదు; దాన్ని మోసుకొచ్చి దింపుకోవడానికి ఒక చోటు మాత్రం దొరికింది. దింపి వెళ్ళేవాడు. మళ్ళీ తెచ్చేవాడు. మీరాన్ షా ఏనాడూ వద్దనలేదు.

వన్నూరప్పకు ఒక్కతే చెల్లెలు, కుళ్ళాయమ్మ. ఆమెను లాలప్ప అనే అంచెవానికి ఇచ్చి చేసింది వన్నూరప్పే. ఇంట్లో పెద్దలు ఇష్టపడలేదు. ఆ కనమలో కాళ్ళు ఎన్నాళ్ళు నిలుస్తాయని అడిగారు. అతడు వినలేదు. లాలప్ప ఎప్పుడూ నవ్వే ముఖమూ, కొండ దిగేటప్పుడు నీళ్ళు జారినట్టుండే అతని పరుగూ వన్నూరప్పకు నచ్చాయి. తనకు నచ్చినదాన్ని ఇతరులు తప్పు పట్టడం అతనికి పుట్టుకతో పడని విషయం.

పెళ్ళైన కొన్నాళ్ళకు అతడు సాయంత్రాలు చెల్లెలి ఇంటికి వెళ్ళడం తగ్గించాడు. వెళ్ళినప్పుడల్లా కనిపించేది ఒకటే. కుళ్ళాయమ్మ గుమ్మంలో కూర్చొని భర్త అరికాళ్ళను వేడినీళ్ళతో కడుగుతూ ఉండేది. ఎర్రకనమ రాళ్ళు పలకలు పలకలుగా లేచి కత్తి అంచుల్లా ఉంటాయి. ఒక్క పొర తోలుచెప్పు వాటిని ఆపదు. మడమల పగుళ్ళలో నెత్తురు ఎండి నల్లగా ఉండేది. లాలప్ప నవ్వుతూనే ఉండేవాడు, అయితే పెదవి కొరుక్కొని నవ్వేవాడు. కుళ్ళాయమ్మ అన్నకు పీట వేసేది, మజ్జిగ ఇచ్చేది, పిల్లల కబుర్లు చెప్పేది. ఒక్కసారైనా అన్నను ఏమీ అనలేదు. అనకపోవడమే వన్నూరప్పకు భరించరానిదయింది.

అతనికి రాళ్ళ మీద కోపం వచ్చింది. మాటవరసకు చెప్పడం కాదు, నిజంగానే వచ్చింది. ఒకనాడు గడ్డపార పట్టుకొని కనమ ఎక్కి, దారికి అడ్డంగా పొడుచుకొని ఉన్న ఒక రాయిని పగలగొట్టి వచ్చాడు. మరునాడు లాలప్ప మెల్లగా చెప్పాడు, దాని బదులు ఇప్పుడు రెండు పదునైన రాళ్ళు ఉన్నాయని.

వన్నూరప్ప ఆ రాత్రి అన్నం తినలేదు. తెల్లవారి లేచి, "రాళ్ళు మెత్తబడకపోతే కాళ్ళ కిందికి పరుపే పంపుతా" అన్నాడు.

అలా మొదలైంది ఆ జోడు. అడుగున గేదె తోలు. దాని మీద గొర్రెల కాపరులు కప్పుకునే కంబళి మడతలు. వాటి పైన ఏకి, ఒత్తి, పొర మీద పొరగా పరచిన దూది. అన్నిటి మీద మేకతోలు. పొరలు కదలకుండా పరుపుకు వేసినట్టే దబ్బనంతో టాకాలు వేశాడు. పాదం జారకుండా పైన తోలుపట్టీలు కట్టాడు. పూర్తయ్యేసరికి నాలుగు వేళ్ళ మందం వచ్చింది.

ఆ ఇంట్లో తాతల నాటి నుండి ఒక పద్ధతి ఉండేది. పరుపు కుట్టడం అయ్యాక నేల మీద గుప్పెడు ఉలవలు చల్లి, పైన పరుపు పరచి, ఇంటిలో అందరికంటే పెద్ద వయసు మనిషిని దాని మీద పడుకోబెట్టేవారు. ఒక్క గింజ తగిలిందని ఆ పెద్దమనిషి అన్నా పరుపు గడప దాటదు. విప్పి మళ్ళీ కుట్టవలసిందే. కింద ఏమున్నదో ఒంటికి తెలియకపోవడమే వాళ్ళ పనికి కొలత.

వన్నూరప్పకు తెలిసిన కొలత అదొక్కటే. వాకిట్లో కనమ రాళ్ళు పరిచి, జోడు తొడిగి, లాలప్పను వాటి మీద నిలబెట్టాడు.

"ఏమన్నా తగులుతుందా?"

"ఏం తగల్లేదు బావా."

"బాగా తొక్కి చెప్పు."

"ఒట్టు బావా. రాళ్ళ మీద ఉండానా, మా అత్త బొంత మీద ఉండానా తెలవడంల్యా. ఇట్లే పండుకోమన్నా పండుకుంటా."

వీధంతా నవ్వింది. తక్కిన అంచెవాళ్ళు వచ్చి ఒక్కొక్కరుగా ఎక్కి నిలబడి చూశారు. నాకొకటి, నాకొకటి అన్నారు. దానికి పరుపుజోడు అని పేరు పెట్టింది వాళ్ళే.

వన్నూరప్ప దాన్ని గుడ్డలో చుట్టుకొని గురువు దగ్గరకు తీసుకువెళ్ళాడు. మీరాన్ షా చేతిలోకి తీసుకొని తిప్పి చూశారు. బొటనవేలితో నొక్కారు. నొక్కినచోట పడిన గుంట మెల్లగా పైకి లేవడాన్ని కాసేపు చూస్తూ ఉండిపోయారు.

"నిలబెట్టి చూశావా?"

"చూసినా హజ్రత్. రాళ్ళ మీదే నిలబెట్టినా. మెత్తగా ఉందన్నాడు."

"ఊఁ" అన్నారు మీరాన్ షా.

ఆ ఊకొట్టడాన్ని వన్నూరప్ప మెప్పుగా తీసుకొని ఇంటికి వచ్చాడు.

కొన్నాళ్ళు బాగానే గడిచింది. దారి చదునుగా ఉన్నంత మేర లాలప్ప గాలిలో తేలినట్టు పోయేవాడు. మడమల పగుళ్ళు పూడాయి. కుళ్ళాయమ్మ ఒకనాడు అన్నను చూసి ఏ కారణమూ లేకుండా నవ్వింది. ఆ నవ్వును వన్నూరప్ప ఇంటికి తెచ్చుకొని, ఆ రోజు వింటినారిని ఎంత సుతారంగా మీటాడో వీధివాళ్ళు చాలాకాలం చెప్పుకున్నారు.

తరువాత వాన కురిసింది. కనమ అవతలి దిగుడులో, ఒక పక్క బండ, మరో పక్క లోయ ఉన్న ఇరుకుదారిలో, లాలప్ప కాలి కింద ఒక పలకరాయి కదిలింది. కదిలిందని అతనికి తెలిసేసరికి అతడు పడిపోతూ ఉన్నాడు. మెత్తని జోడు ఒక పక్కకు ఒరిగింది. దానితో పాటు చీలమండ మడతపడింది. బల్లెం లోయలోకి పోయింది. ఒక పొద పట్టుకొని మనిషి మిగిలాడు. కట్టెలకు వచ్చినవాళ్ళు అతన్ని మోసుకొచ్చారు.

అంచెవాళ్ళు తాము అడిగిన జోళ్ళు వద్దన్నారు. ఎవరూ మాట తూలలేదు. "తర్వాత చూద్దాంలే అన్నా" అని మాత్రం అన్నారు. వన్నూరప్పకు తిట్టు కంటే అది ఎక్కువ గుచ్చుకుంది.

కాలి వాపు తీసింది గాని కుంటు పోలేదు. ఇంతలో మజిలీ పెద్ద నుండి కబురు వచ్చింది. రేపు తెల్లవారుజామున సంచి లాలప్ప ఇంటి నుండే కదలాలి. లేకపోతే ఆ పని మరొకరికి ఇస్తారు. ఆ కబురు విన్న మధ్యాహ్నమే వన్నూరప్ప కొత్త జోడుతో చెల్లెలి ఇంటిలో అడుగుపెట్టాడు. దాన్ని అతడు ఎవరికీ చెప్పకుండా, పళ్ళు కొరుక్కుంటూ కుట్టాడు.

"ఈసారి అట్లా కాదు" అన్నాడు, జోడును లాలప్ప ముందు పెడుతూ. "అడుగు వెడల్పు చేసినా. మడమ చుట్టూ తోలుగోడ కట్టినా. దూది ఇంకో పొర వేసినా. ఇంక ఒరిగే మాటే ల్యా. తొడుక్కో."

లాలప్ప జోడు వంక చూడలేదు.

"నాకొద్దు బావా. నా పాత చెప్పులతోనే పోతా."

"పాత చెప్పులా? నెత్తురు కార్చుకునేదానికా?"

"కారనీ. రాయి కదిలేది కాలికి ముందు తెలియాల. నీ పరుపు మీద కాలు నిద్రపోతాది."

"నిద్రపోయింది నీ కాలు గాదు, నువ్వు! పెండ్లి ఊరేగింపుకు పోయినట్టు పోయింటావు, చెట్లల్లో పిట్టల్ని చూసుకుంటా. పడినావు. పడి, నా పని మీద తోస్తాండావు."

"పిట్టల్ని నేనెప్పుడు చూసినా బావా?"

"అందుకేనా ఊరంతా నా జోడు మంచిది గాదంటా ఉండేది? నువ్వు చెప్పకుండానే అనుకున్నారా?"

పొయ్యి దగ్గర ఉన్న కుళ్ళాయమ్మ లేచి వచ్చింది.

"అన్నా, మెల్లగా మాట్లాడు. లోయలో పడింది ఈ మనిషి. నువ్వు గాదు."

"నువ్వూ అదే పాటనా? ఎవరి కోసం కుట్టినానమ్మా నేను ఇది? వేళ్ళు చూడు, దబ్బనం గుచ్చుకోని చోటు ఉందేమో చూడు. ఎవరి కోసం?"

"నువ్వే చెప్పు. ఈయన కాళ్ళ కోసమా, నా ముందర నువ్వు తలెత్తుకునేదాని కోసమా?"

ఆమె అరవలేదు. ఇన్నేళ్ళు కడుపులో పెట్టుకున్న మాటను అన్నం గిన్నె దించినట్టు నేల మీద దించింది.

 వన్నూరప్ప చెవులు ఎర్రబడ్డాయి. చూరుకు వేలాడుతున్న లాలప్ప పాత చెప్పులు కంటబడ్డాయి. లాగి, రెండింటినీ మండుతున్న పొయ్యిలోకి విసిరేశాడు. తోలు మెలికలు తిరిగింది. ఆ వాసన ఇల్లంతా నిండింది. ఎవరూ కదలలేదు.

"ఇప్పుడేం తొడుక్కుంటావో చూస్తా" అన్నాడు.

లాలప్ప గోడ పట్టుకొని లేచాడు. అతని ముఖంలో నవ్వు లేదు. నవ్వు లేని లాలప్ప ముఖాన్ని వన్నూరప్ప ఆనాడే మొదటిసారి చూశాడు.

"పద బావా, షా తాత దగ్గరికే పోదాం. ఆయప్ప నీ జోడు మంచిదన్నాడా, ఇదే తొడుక్కొని రేపు కనమ ఎక్కుతా. పడితే పడతా. వద్దన్నాడా, వట్టికాళ్ళతో పోతా. మళ్ళా నువ్వు నా గడపలోకి జోడు తేవద్దు."

"పద" అన్నాడు వన్నూరప్ప.

కొత్త జోడును తానే తొడుక్కున్నాడు. వీధిలో అందరూ చూసేలాగ పెద్ద పెద్ద అంగలు వేస్తూ నడిచాడు. కుంటుతూ వస్తున్న లాలప్ప కోసం ఆగలేదు.

ఎండ వాలుతోంది. మీరాన్ షా అరుగు మీద కూర్చొని ఏదో గింజలు చెరుగుతున్నారు. తకియాలోకి ఎవరూ చెప్పులతో రారు. వన్నూరప్ప అరుగు ముందున్న వెడల్పాటి మెట్టురాయి దగ్గర ఆగి, పట్టీ విప్పడానికి వంగాడు.

"విప్పకు నాయనా. చూడవలసింది అదే కదా" అన్నారు మీరాన్ షా. చేట పక్కన పెట్టి, అరుగు దిగి, మెట్టురాయి పక్కన నేల మీద కూర్చున్నారు. "ఎక్కి నిలబడు. నా కళ్ళకు దూరం ఆనదు."

వన్నూరప్ప రాయి ఎక్కి నిలబడ్డాడు. జోడు గురువుగారి ఛాతీ ఎత్తుకు వచ్చింది.

"మెత్తగా ఉందా?"

"ఇంతకన్నా మెత్తన లేదు హజ్రత్."

"నిలకడగా ఉందా?"

"గోడ మాదిరి ఉంది. మీరే తోసి చూడండి."

మీరాన్ షా తోయలేదు. కుట్టు వెంట వేలు పోనిచ్చారు. మడమ చుట్టూ ఉన్న తోలుగోడను తడిమారు. గుర్రానికి లాడం చూసేవారిలా చీలమండ మీద మెల్లగా తట్టి, "ఎత్తు" అన్నారు. వన్నూరప్ప కుడికాలు ఎత్తాడు. ఆయన అడుగుభాగాన్ని కూడా తడిమి చూశారు.

"పని బాగుంది" అన్నారు. "ఇప్పుడు చెప్పు. ఏం జరిగింది?"

పని బాగుందన్న మాట వన్నూరప్ప చాలా రోజులుగా ఎవరి నోటి నుండీ వినలేదు.  ఎత్తిన కాలు దింపి, చెప్పడం మొదలుపెట్టాడు.

మొదట రాళ్ళను తిట్టాడు. ఆ దారిని ఆ కొండలోంచే తీయాలని ఎవరికి బుద్ధి పుట్టిందో వాళ్ళను తిట్టాడు. అదను గాని అదనులో కురిసిన వానను తిట్టాడు. మనిషి కాలు చూడక సంచిని మాత్రమే చూసే మజిలీ పెద్దను తిట్టాడు. ఎక్కి నిలబడినప్పుడు మెచ్చుకొని, ఒక్కడు పడగానే ముఖం చాటేసిన అంచెవాళ్ళను పేరుపేరునా తిట్టాడు. ఒక్కొక్క పేరు వచ్చినప్పుడల్లా కుడికాలి మీద బరువు వేసి ఊగాడు. ఒకటి రెండుసార్లు కాలితో రాయిని తాటించాడు కూడా.

మీరాన్ షా తల వంచుకొని వింటున్నారు. ఆయన ఇంత శ్రద్ధగా తన మాట ఎన్నడూ వినలేదని వన్నూరప్పకు తోచింది. పెదవులు కదులుతున్నాయి. జపం చేస్తున్నారనుకున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. ఎండ అనుకున్నాడు.

అప్పటికి లాలప్ప కుంటుకుంటూ వచ్చి చేరాడు. కొంత దూరంలో నిలబడి రొప్పుతున్నవాడు ఉన్నట్టుండి గొంతెత్తాడు.

"బావా! బావా, కాలు..."

"నోరు ముయ్! నీ కాలు సంగతి ఊరంతా ఎరుగు. హజ్రత్ దగ్గరైనా నన్ను మాట్లాడనియ్యవా?"

లాలప్ప పరుగులాంటి కుంటుతో ముందుకు వచ్చాడు. మీరాన్ షా తల ఎత్తకుండానే ఎడమచెయ్యి ఎత్తి అతన్ని ఆపారు. లాలప్ప ఆగిపోయాడు. నోరు తెరుచుకొనే ఉంది. గురువు తన పక్షాన ఉన్నారని వన్నూరప్ప ఉప్పొంగిపోయాడు. ఇంకా గట్టిగా నిలబడ్డాడు.

"చూసినారా హజ్రత్? ఇట్లుంటాడు. ఒక మాట పడడు. ఒక మాట నమ్మడు. నా చెల్లెలిని కూడా వాడి దారిలోకే తిప్పుకున్నాడు. ఇన్నేళ్ళు ఆ బిడ్డ నన్ను ఒక్క మాట అనలేదు. పొద్దు పొద్దుకూ ఆ కాళ్ళు కడిగింది గాని ఒక్క మాట అనలేదు. ఈరోజు అనింది."



"ఏమంది?" అని అడిగారు మీరాన్ షా. ఆయన గొంతు సన్నగా వచ్చింది.

"తలెత్తుకునేదానికి కుట్టినానంట. దాని ముందర నేను తలెత్తుకునేదానికి."

గాలి చూరు గడ్డిని కదిపింది.  చెప్పడానికి ఇంకేమైనా ఉందేమో అని వన్నూరప్ప తనలో వెతుక్కున్నాడు. తిట్టవలసినవాళ్ళందరూ అయిపోయారు.

"అయిందా నాయనా?"

"అయింది హజ్రత్."

"అయితే కాలు తియ్యి."

వన్నూరప్పకు అర్థం కాలేదు. "ఏ కాలు?" అని అడిగాడు.

"కుడికాలు."

అతడు కుడికాలు తీశాడు.

రాయి మీద మీరాన్ షా కుడిచెయ్యి ఉంది. అరచెయ్యి కిందికి, వేళ్ళు పరచి ఉన్నాయి. వేళ్ళ కణుపుల మీద గేదె తోలు అడుగున ఉన్న టాకాల ముడులు ఒక్కొక్కటీ అచ్చు గుద్దినట్టు దిగి ఉన్నాయి. ఒక క్షణం వేళ్ళు సున్నంలా తెల్లగా ఉన్నాయి. తరువాత వాటిలోకి నెత్తురు వచ్చింది. ఒక గోటి కింద నల్లగా, మరొక కణుపు మీద పైకే వచ్చింది. తన చెయ్యి ఆ చేతిలో పెట్టే వన్నూరప్ప ఒకనాడు శిష్యుడయ్యాడు.

లాలప్ప నీళ్ళకుండ వైపు కుంటుతూ పోయాడు. వన్నూరప్ప రాయి దిగాడో, రాయి మీదనే కూలబడ్డాడో అతనికే తెలియలేదు. ఆ చేతిని పట్టుకోబోయి పట్టుకోలేకపోయాడు. అతని రెండు చేతులూ గాలిలో అలాగే ఉండిపోయాయి.

"ఎందుకు చెప్పలేదు హజ్రత్?" అన్నాడు చివరకు. అందులో కూడా కోపమే ఉంది. మరో గొంతు అతనికి ఇంకా రాలేదు. "ఒక్క మాట చెప్పింటే తీసేసేవాన్ని గదా. అంతసేపు ఎందుకు చెప్పలేదు?"

మీరాన్ షా చేతిని మెల్లగా ఒడిలోకి తీసుకున్నారు.

"చెప్పాను నాయనా" అన్నారు. "నీ కాలికి చెప్పాను."

 చాలాసేపటికి వన్నూరప్ప వంగి, పట్టీలు విప్పి, వట్టి పాదాలను నేల మీద పెట్టాడు. పెట్టి, అక్కడ మొదటిసారి నిలబడుతున్నవాడిలా నిలబడ్డాడు. జోడు మెట్టురాయి మీదనే ఉండిపోయింది.

మరునాడు తెల్లవారుజామున ఎర్రకనమ ఎక్కింది లాలప్ప కాదు. ఒకరికి బదులుగా ఆ ఇంటి మనిషి సంచి మోయడం అంచెవాళ్ళలో చెల్లే పద్ధతే. వన్నూరప్ప మరో అంచెవాని బల్లెం పట్టుకొని, చెప్పులు లేకుండా వెళ్ళాడు. ఆ ఉదయం గజ్జెల చప్పుడు కనమలో ఎంతో నెమ్మదిగా, ఆగి ఆగి వినిపించిందట. ఆగిన ప్రతిసారీ కుళ్ళాయమ్మ గుమ్మంలో చేతిపని ఆపి, చప్పుడు మళ్ళీ మొదలయ్యేదాకా కొండ వైపే చూసిందట.

ఇక్కడ ఒక విషయం విడిచిపెట్టాను. ఇది మరపు కాదు, కావాలనే విడిచాను. మీరాన్ షా చేతివేళ్ళు ఆ తరువాత ఎలా ఉన్నాయో నాకు చెప్పారు, బాగా గుర్తుంది. బాగుపడ్డాయని వ్రాస్తే చదివేవారికి హాయిగా ఉంటుంది. బాగుపడలేదని వ్రాస్తే వన్నూరప్ప మీద కోపం వస్తుంది. ఆ హాయినీ ఆ కోపాన్నీ ఇవ్వడం నాకు ఇష్టం లేకపోయింది.